మందు చేదుగానే ఉండాలా?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసం రాసివ్వమని అడిగినప్పుడు అందరిలాగే నేనూ ముందుగా "క్రమశిక్షణ" గురించో, "కాలం విలువ" గురించో రాద్దామనుకున్నాను. తీరా కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే, హాస్టల్ వెనక బట్టలుతికే బండ, దాని పక్కన మురుగు కాలువ గుర్తుకొచ్చాయి. ఒకరోజు పొద్దున ఆ కాలువలో నీళ్ళు గులాబీ రంగులో పారాయి. ఆ రంగు నీళ్ళ గురించే ఈ వ్యాసం. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు కానీ చివరిదాకా చదవండి.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. హాస్టల్‌కి మెడికల్ క్యాంపు వచ్చింది. పళ్ళ డాక్టర్లు మమ్మల్ని వరండాలో బెంచీ మీద ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, టార్చిలైటు వేసి నోళ్ళు చూశారు. పదహారు మందికి చిగుళ్ళు వాచి ఉన్నాయనీ, తోముకుంటే రక్తం వస్తోందనీ రాసుకున్నారు. ఆ పదహారు మందిలో నేనూ ఉన్నాను. మాకు తలా ఒక మౌత్‌వాష్ సీసా ఇచ్చారు. రోజుకు రెండు పూటలా మూత కొలతకు పోసుకుని, పుక్కిలించి ఉమ్మేయమన్నారు. రెండు వారాలు వాడమన్నారు. అంతే, జీపెక్కి వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున్నే తొట్టి దగ్గర వరసగా నిలబడి పేస్టుతో పళ్ళు తోముకుని, ఆ మందు నోట్లో పోసుకున్నాం. ముందు కాస్త పిప్పరమెంటు వాసన వచ్చింది. ఆ తర్వాత మొదలైంది చేదు. వేప పుల్ల చేదు వేరు. అది నమిలేటప్పుడు ఉంటుంది, నీళ్ళతో పుక్కిలిస్తే పోతుంది. ఇది మాత్రం నీళ్ళు పోసుకునేకొద్దీ పెరిగింది. నాలుక మీద ఏదో రేకు అతికించినట్టు ఉండిపోయింది. తర్వాత టిఫిన్‌కి వెళితే ఉప్మాలో ఉప్పు లేదు. "వంటమ్మా, ఉప్పెయ్యడం మరిచిపోయావా?" అని గొడవ చేశాం. సీసాలు తీసుకోని అమ్మాయిలు మాత్రం ఉప్పు సరిపోయిందన్నారు. వంటమ్మ నా పళ్ళెంలోంచే చిటికెడు తీసి నోట్లో వేసుకుని, "కళ్ళు నెత్తికెక్కాయే మీకు" అంది.

మూడో రోజు పొద్దున ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒకరి తర్వాత ఒకరం బండ పక్కకు వెళ్ళి సీసాలన్నీ కాలువలో వంచేశాం. సాయంత్రం స్టడీ అవర్‌లో పదహారు మందినీ నిలబెట్టారు. "మందన్నాక చేదుగా ఉండదా? ఊరికే వచ్చింది కదా, అందుకే మీకు విలువ తెలియదు" అన్నారు. తల వంచుకుని నిలబడ్డాం. తప్పు మాదే అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

ఇప్పుడు నేను బి.ఫార్మసీ చివరి సంవత్సరంలో ఉన్నాను. మందు ఎలా పనిచేస్తుందో, సీసాలోకి వెళ్ళేముందు దానికి ఏమేం కలుపుతారో, ఎందుకు కలుపుతారో చదువుకున్నాక నా అభిప్రాయం మారింది. పారబోయడం తప్పే. కానీ ఆ తప్పులో సగమే మాది. మిగతా సగం, చేదు మందును చేతిలో పెట్టి ఒక్క ముక్క వివరం చెప్పకుండా వెళ్ళిపోయినవాళ్ళది. "మందన్నాక చేదుగానే ఉంటుంది" అనే మన అందరి నమ్మకానిది. రోగి నోట్లో నిమిషం కూడా నిలవని మందు ఎంత గొప్పదైనా దానివల్ల ప్రయోజనం లేదు. అందుకే రుచి అనేది మందుకు చేసే అలంకారం కాదనీ, మందు చేసే పనిలో అదీ ఒక భాగమనీ నేనంటాను.

చేదు బలానికి గుర్తా?

"చేదుగా ఉంటే బాగా పనిచేస్తుంది, మంట పుడితే క్రిములు చస్తున్నట్టు లెక్క" అని మన ఇళ్ళలో అంటూ ఉంటారు. దెబ్బ తగిలినచోట టింక్చర్ వేస్తే మనం కేకలు పెడతాం, అమ్మ మాత్రం "మండుతోందంటే పట్టిందన్నమాట" అంటుంది. ఇది మన ఊళ్ళలో మాత్రమే ఉన్న నమ్మకం అనుకోకండి. అమెరికాలో పెద్ద కంపెనీలే ఈ నమ్మకం మీద వ్యాపారం చేశాయి.

లిస్టరిన్ అనే మౌత్‌వాష్ పేరు మీరు టీవీలో విని ఉంటారు. అది 1879లో అమెరికాలో పుట్టింది. ఆపరేషన్లలో క్రిమినాశకాలు వాడడం నేర్పిన జోసెఫ్ లిస్టర్ అనే డాక్టరు పేరు దానికి పెట్టారు. అందులో క్రిముల మీద పనిచేసేవి నాలుగు. వాటి ఇంగ్లీషు పేర్లు వింటే కొత్తగా ఉంటాయి కానీ వాసన మనకు కొత్తది కాదు. థైమాల్ అంటే మన వాము పువ్వు. మెంథాల్ అంటే పిప్పరమెంటు పువ్వు. యూకలిప్టాల్ నీలగిరి తైలంలో ఉండేది. నాలుగోది మిథైల్ శాలిసిలేట్, నొప్పుల బామ్ మూత తీయగానే గుప్పుమనే వాసన దానిదే. ఈ నూనెలు విడిపోకుండా కరిగి ఉండడానికి అందులో 26.9 శాతం ఆల్కహాలు పోశారు. ఇక ఘాటు సంగతి చెప్పాలా?

1966లో స్కోప్ అనే మరో మౌత్‌వాష్ తియ్యటి పుదీనా రుచితో వచ్చింది. అది వాడితే నోట్లో మందు కంపు ఉండదని వాళ్ళు ప్రచారం చేశారు. దానికి లిస్టరిన్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? రుచి మార్చలేదు. జనం మా రుచిని అసహ్యించుకుంటారు, అయినా రోజుకు రెండుసార్లు వాడతారు అని 1970లలో ప్రకటనలిచ్చారు! అంటే చేదునే, మంటనే సర్టిఫికెట్‌గా చూపించారన్నమాట. కానీ ఆ కంపెనీయే 1992లో కూల్ మింట్ పేరుతో చల్లటి పుదీనా రుచిలో మరో రకం తెచ్చింది. అందులో ఆ నాలుగు మందులూ పాత సీసాలో ఉన్నంతే ఉన్నాయి. ఆల్కహాలు మాత్రం 21.6 శాతానికి తగ్గింది. మందు పాళ్ళు మారకుండానే రుచి మారింది. నూరేళ్ళకు పైగా జనం భరించిన రుచి, అంతగా భరించనవసరం లేనిదేనని అమ్మినవాళ్ళే చూపించారు.

ఇంకో ఉదాహరణ. 1958లో స్కాట్లండ్‌లో డెనటోనియం అనే పదార్థం కనుక్కున్నారు. ఇప్పటిదాకా తెలిసిన పదార్థాల్లో అత్యంత చేదైనవాటిలో అదొకటి. అది ఏ రోగాన్నీ నయం చేయదు. ఎవరూ తాగకుండా ఉండడానికి పారిశ్రామిక స్పిరిట్‌లో, ఇళ్ళలో వాడే విషపదార్థాల్లో కలుపుతారు. చేదే ఔషధమైతే అది సర్వరోగ నివారిణి కావాలి కదా! దీనికి తిరగబెట్టి చూడండి. నులిపురుగుల నివారణకు 2015 నుంచి ఫిబ్రవరి 10న మన బళ్ళలో ఇస్తున్న ఆల్బెండజోల్ మాత్రను పిల్లలు చప్పరిస్తూ నమిలేస్తారు. తియ్యగా ఉన్నంత మాత్రాన పురుగుల్ని వదిలిపెట్టదు.

చేదు తెలిసేది మన నాలుకకు. నాలుక మీద చేదును పసిగట్టే గ్రాహకాలు 25 రకాల దాకా ఉన్నాయి. అడవిలో తిరిగిన కాలంలో విషపు కాయల నుంచి మనిషిని కాపాడినవి అవే. కాబట్టి చిన్నపిల్ల చేదు మందును ఉమ్మేస్తే అది మొండితనం కాదు. ప్రకృతి ఇచ్చిన కాపలా తన పని తాను చేస్తోంది, అంతే.

అసలు చిక్కు ఎక్కడుంది?

అయితే మౌత్‌వాష్ విషయంలో "కాస్త తీపి కలిపితే సరిపోతుంది కదా" అనుకుంటే పొరపాటు. మాకిచ్చిన సీసాలో ఉన్న మందు పేరు క్లోర్‌హెక్సిడిన్. 1950లలో ఇంగ్లండ్‌లో ఐసీఐ కంపెనీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. 1970లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లో, షియోట్ అనే దంతవైద్య పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. కొందరి చేత పళ్ళు తోమడం మాన్పించి, రోజుకు రెండుసార్లు 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ 10 మిల్లీలీటర్లు పుక్కిలింపజేశారు. తోమకపోయినా పళ్ళ మీద పాచి పట్టలేదు, చిగుళ్ళు వాయలేదు. అప్పటినుంచి చిగుళ్ళ మందుల్లో దానిదే పెద్దపీట.

ఆ మందు గొప్పదనం ఏమిటంటే అది అతుక్కుంటుంది. దాని అణువు మీద ప్లస్ ఆవేశం ఉంటుంది. క్రిముల పైపొర మీద, పళ్ళ మీద, నోటి లోపలి చర్మం మీద మైనస్ ఉంటుంది. ప్లస్సూ మైనస్సూ ఆకర్షించుకుంటాయని మీ ఫిజికల్ సైన్స్ పుస్తకంలోనే ఉంది. అందుకే ఉమ్మేశాక కూడా అది నోట్లో గంటల తరబడి నిలిచి నెమ్మదిగా పనిచేస్తూ ఉంటుంది. చెల్లెళ్ళూ, ఇప్పుడు చూడండి చిక్కు! ఏ అతుక్కునే గుణం వల్ల అది మంచి మందయిందో, అదే గుణం వల్ల చేదు కూడా అతుక్కుపోతుంది. అదే గుణం వల్ల టీ, కాఫీల రంగు పట్టుకుని పళ్ళ మీద గోధుమ రంగు మరక తెస్తుంది. చేదును పూర్తిగా పీకేద్దామంటే మందు బలం కూడా దానితో ఊడివచ్చే ప్రమాదం ఉంది.

రుచి కోసం ఏది పడితే అది కలపడమూ కుదరదు. మైనస్ ఆవేశం ఉన్న పదార్థాలు కొన్ని ఆ మందును పట్టుకుని కదలనివ్వవు. పేస్టులో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ అలాంటిదే. అందుకే పేస్టుతో తోముకున్న వెంటనే ఈ మందు వేసుకుంటే, క్రిముల మీద పడాల్సిన మందు నురగతో జతకట్టి కాలువలోకి పోతుంది. మేం ఆ రెండు రోజులూ చేసింది సరిగ్గా ఇదే. చేదంతా మాకు, మందంతా కాలువకు!

ఉప్మాలో ఉప్పు ఎక్కడికి పోయిందో కూడా ఇప్పుడు చెబుతాను. క్లోర్‌హెక్సిడిన్ నాలుకకు ఉప్పు రుచి తెలియకుండా చేస్తుంది. కొన్ని గంటల తర్వాత అదే సర్దుకుంటుంది. మందు వేసుకున్న పదహారు మందికి ఉప్పు తెలియలేదు, మిగతావాళ్ళకు తెలిసింది. మేం అబద్ధం చెప్పలేదు, వంటమ్మా అబద్ధం చెప్పలేదు. ఆ మాట ముందే ఒకరు చెప్పి ఉంటే గొడవే లేదు. ఇన్నేళ్ళ తర్వాత ఈ సంచిక ద్వారా వంటమ్మకు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

బలం తగ్గకుండా రుచి పెంచవచ్చు

చిక్కు ఉంది కదా అని చేతులెత్తేయనవసరం లేదు. దారులున్నాయి.

మొదటిది లెక్క. మన దేశంలో ఎక్కువగా దొరికేది 0.2 శాతం మందు. 10 మిల్లీలీటర్లు పుక్కిలిస్తే అందులో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అమెరికాలో 0.12 శాతం మందును 15 మిల్లీలీటర్లు వాడతారు. గుణించి చూడండి, 18 మిల్లీగ్రాములు. అంటే నోట్లోకి వెళ్ళే మందు దాదాపు అంతే. చిక్కదనం మాత్రం తక్కువ కాబట్టి నాలుకకు కాస్త సులువు. రెండింటినీ పోల్చి చూసిన పరీక్షల్లో ఫలితాలూ దాదాపు సమానంగానే వచ్చాయి. బలం అంటే చిక్కదనం ఒక్కటే కాదు, ఎంత పోశాం, ఎంతసేపు ఉంచాం అన్నది కూడా అని దీన్నిబట్టి తెలుస్తోంది. అలాగని మీరు సీసాలో నీళ్ళు కలిపేయకండి. ఏ శాతం, ఎంత కొలత అన్నది డాక్టరు చెప్పాలి.

రెండోది, పళ్ళను పాడుచేయని తీపి. తీపి అంటే చక్కెర అనుకోకండి. చక్కెర వేస్తే నోట్లో క్రిములకు విందు చేసినట్టే. శాకరిన్, సార్బిటాల్, జైలిటాల్, సుక్రలోజ్ లాంటివి తీపినిస్తాయి కానీ పళ్ళను పుచ్చబెట్టే క్రిములకు చక్కెరలా మేత కావు. వీటికి పుదీనా చల్లదనం తోడైతే నాలుక దృష్టి కాస్త మళ్ళుతుంది. ఏది కలిపినా, కలిపాక మందు బలం తగ్గలేదని పరీక్ష చేసి చూపించాలి. పళ్ళ మీద మరక రాకుండా కొన్ని కంపెనీలు ఈ మందులో వేరే పదార్థాలు కలిపితే, కొన్ని పరీక్షల్లో మందు పనితనం కూడా తగ్గినట్టు తేలింది. రుచి కోసమైనా, రంగు కోసమైనా మందును బలి పెట్టకూడదు.

మూడోది, ఆల్కహాలు లేని రకం. క్లోర్‌హెక్సిడిన్ నీళ్ళలోనే కరిగేలా తయారవుతుంది కాబట్టి దానికి ఆల్కహాలు తప్పనిసరి కాదు. ఆ మంట తగ్గితే సగం భయం తగ్గుతుంది.

నాలుగోది, పైసా ఖర్చు లేనిది, వేళ మార్చడం. టిఫిన్ ముందు కాకుండా టిఫిన్ తర్వాత, రాత్రి అన్నం తర్వాత పడుకోబోయే ముందు వాడితే ఉప్పు తెలియని గంటలు నిద్రలోనూ, క్లాసులోనూ గడిచిపోతాయి. పుక్కిలించాక వెంటనే నీళ్ళు పోసుకోకూడదు. పోసుకుంటే చేదు ఎక్కువవుతుంది, మందూ కొట్టుకుపోతుంది. మాకు నీళ్ళు పోసేకొద్దీ చేదు ఎందుకు పెరిగిందో తొమ్మిదో తరగతిలో తెలియలేదు, ఫార్మసీ కాలేజీలో తెలిసింది. ఇంత చిన్న మాట తెలుసుకోవడానికి ఫార్మసీ కాలేజీ దాకా వెళ్ళాలా?

మన పెద్దలకు ఈ సంగతి ఏనాడో తెలుసు. ఆయుర్వేదంలో అనుపానం అని ఉంది. మందును తేనెలోనో, నేతిలోనో, పాలలోనో ఇచ్చేవారు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అనే సామెత ఊరికే పుట్టిందా? ఇష్టమూ, హితమూ ఒకచోట కలిస్తే ఎంత బాగుంటుందో ఆ సామెతలో ఉంది.

ఊరికే ఇచ్చేదానికి రుచి అడగొచ్చా?

ఇక్కడ కొందరు పెద్దలు నొసలు చిట్లిస్తారని తెలుసు. "ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంటే రుచి కూడా కావాలా?" అంటారు. ఈ ప్రశ్న మనకు కొత్త కాదు. అన్నం ముద్దగా ఉందంటే అదే ప్రశ్న. సాంబారు నీళ్ళలా ఉందంటే అదే ప్రశ్న. మందు చేదంటే కూడా అదే ప్రశ్న. డబ్బు పెట్టి కొనేవాళ్ళకు పది రుచుల్లో మౌత్‌వాష్ షాపులో వరసగా ఉంటుంది. నచ్చకపోతే ఇంకోటి కొనుక్కుంటారు. వాళ్ళను ఎవరూ నిలబెట్టి తిట్టరు. మనం పారబోస్తేనే అది విలువ తెలియనితనం అవుతుంది.

ఉచితంగా మందు తీసుకునే పిల్లల కోసం రుచి గురించి ఆలోచించడం వృథా ఖర్చు అన్నది నిజం కాదని ప్రపంచమే ఒప్పుకుంది. మలేరియా వచ్చిన పసిపిల్లలు చేదు మాత్ర పొడిని కక్కేస్తున్నారని, 2009లో చెర్రీ రుచితో నీళ్ళలో కరిగే మాత్ర తెచ్చారు. హెచ్ఐవీతో పుట్టిన పిల్లలకు ఏళ్ళ తరబడి ఇచ్చిన ఒక సిరప్ భరించలేనంత చేదు. పైగా అందులో 42 శాతం దాకా ఆల్కహాలు. ఆ పిల్లల కోసం 2020 చివర్లో డోలుటెగ్రావిర్ అనే మందును స్ట్రాబెర్రీ రుచితో, నీళ్ళలో కరిగే మాత్రగా తక్కువ ధరకు తెచ్చారు. తయారు చేసిన రెండు జెనరిక్ కంపెనీల్లో మన దేశపు మెక్లియోడ్స్ ఒకటి. ఆ మాత్రలు చేరేది పేద దేశాల పిల్లలకే. వాళ్ళ నాలుకను లెక్కలోకి తీసుకున్నారు. మన నాలుకను ఎందుకు తీసుకోకూడదు?

మన హాస్టల్ హాల్లో అంబేద్కర్ గారి ఫొటో ఉంది. 1927లో మహద్‌లో ఆయన చవదార్ చెరువు నీళ్ళు తాగింది దాహం కోసం మాత్రమే కాదనీ, మేమూ అందరిలాంటి మనుషులమేనని చాటడానికనీ ప్రతి ఏప్రిల్ 14న మన ఉపన్యాసాల్లో చెప్పుకుంటాం. మన నాలుక కూడా అందరి నాలుకలాంటిదే. అది చెప్పడం గొంతెమ్మ కోరిక కాదు.

ఖర్చు మాట కూడా చెబుతాను. సీసా ధర కాస్త తక్కువని చేదు మందు కొని, అది కాలువపాలైతే అన్నిటికన్నా ఖరీదైన మందు అదే. ఆరోజు పదహారు సీసాల డబ్బు పోయింది. పోయింది డబ్బు ఒక్కటే కాదు. నా పక్క ట్రంకుపెట్టె అమ్మాయికి మరుసటి ఏడాది చిగురు వాచి చీము పట్టింది. దవడ ఉబ్బి, జ్వరంతో పడుకుని, టెన్త్ ప్రీఫైనల్‌లో రెండు పరీక్షలు రాయలేకపోయింది. ఆ మందు రెండు వారాలు వాడి ఉంటే అది రాకపోయేదని నేను కచ్చితంగా చెప్పలేను. కానీ ఆ అవకాశం కాలువలో పారిపోయిందన్నది మాత్రం నిజం. ఆ అమ్మాయి తిట్లు కూడా తింది, నొప్పి కూడా భరించింది.

మరీ రుచిగా ఉన్నా ముప్పే

నా వాదనకు ఎదురుగా ఒక మంచి మాట ఉంది. దాన్నీ ఒప్పుకోవాలి. మందు మరీ రుచిగా ఉంటే పిల్లలు మిఠాయి అనుకుంటారు. అమెరికాలో 1940ల చివర్లో పిల్లల ఆస్పిరిన్‌ను నారింజ రుచితో తెచ్చారు. పిల్లలు ఇష్టంగా తిన్నారు, కొందరు డబ్బాలకు డబ్బాలు తిని ప్రాణం మీదికి తెచ్చుకున్నారు. చివరికి 1970లో, పిల్లలు తేలిగ్గా తెరవలేని మూతలు పెట్టాలని అక్కడ చట్టం చేయాల్సి వచ్చింది. మౌత్‌వాష్ పుక్కిలించి ఉమ్మేసేది, మింగేది కాదు. సరిగ్గా ఉమ్మడం రాని చిన్నపిల్లలకు అసలు ఇవ్వకూడదు. కాబట్టి నేను కోరేది షర్బత్ కాదు. నిమిషంపాటు నోట్లో ఉంచుకోగలిగేంత, మరుపూట మళ్ళీ మూత తీయాలనిపించేంత రుచి చాలు. ఇంకో గుక్క కావాలనిపించేంత వద్దు.

మనం ఏం చేయాలి?

విమర్శించి ఊరుకోవడం నాకిష్టం లేదు. మన హాస్టల్లో ఇప్పటినుంచే చేయగలిగినవి ఇవి.

1. మళ్ళీ క్యాంపు వచ్చి మౌత్‌వాష్ ఇస్తే, వాడే పద్ధతిని తొట్టి దగ్గర గోడకు రాసిపెట్టాలి. పేస్టుతో తోముకున్నాక మామూలు నీళ్ళతో శుభ్రంగా పుక్కిలించి, కనీసం అరగంట ఆగి మందు వేసుకోవాలి. డాక్టరు చెప్పిన కొలత, చెప్పినంతసేపు. మింగకూడదు. తర్వాత అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు.

2. చేదుగా ఉంటుందనీ, కొన్ని గంటలు ఉప్పు తెలియదనీ, మరక పడవచ్చనీ ముందే చెప్పాలి. మరక లోపలికి దిగదు, పళ్ళ డాక్టరు శుభ్రం చేస్తే పోతుంది. ఆ రోజుల్లో టీ తగ్గిస్తే మరకా తగ్గుతుంది. నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్ళ నుంచి వచ్చిన చెల్లెళ్ళు పళ్ళ రంగు గురించి ఇప్పటికే నలుగురిలో నవ్వడానికి మొహమాటపడతారు. వాళ్ళకు ఈ మాట ముందే చెప్పకపోతే రెండో రోజే సీసా పక్కన పెట్టేస్తారు. అందులో వాళ్ళ తప్పేముంది?

3. హాస్టల్ తరఫున కొనేటప్పుడు ధర ఒక్కటే చూడొద్దు. కూరగాయలు చూడడానికి ఫుడ్ కమిటీలో విద్యార్థినులు ఉన్నట్టే, ఒకే మందు, ఒకే శాతం ఉన్న రెండు మూడు రకాలను ఏఎన్ఎం అక్క ఎదురుగా ముగ్గురు పెద్ద క్లాసు అమ్మాయిలు పుక్కిలించి చూడాలి. తక్కువ చేదున్నది కొనాలి.

4. ఇది నెలల తరబడి వాడే మందు కాదని గుర్తుంచుకోవాలి. డాక్టరు చెప్పిన రెండు వారాలకే. తర్వాత చిగుళ్ళను కాపాడేది రెండు పూటలా తోముకోవడమే. కాస్మెటిక్ చార్జీల్లో ముందు బ్రష్షు కొనుక్కోండి, రిబ్బన్లు తర్వాత. ఒకరి బ్రష్షు ఒకరు వాడకండి. చిగుళ్ళు సలిపితే డాక్టరు దగ్గరికి వెళ్ళేలోగా గోరువెచ్చని ఉప్పునీళ్ళు ఊరటనిస్తాయి.

5. మందు వాడలేకపోతే పారబోయకండి. దాచకండి. "మేడమ్, ఇది నావల్ల కావడం లేదు" అని చెప్పండి. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర విషయంలోనూ అంతే. కడుపులో తిప్పుతోందని కిటికీలోంచి విసిరేసే బదులు చెబితే, అన్నం తిన్నాక వేసుకోమని చెప్పేవాళ్ళుంటారు.

చివరగా పెద్దలకు, వార్డెన్ మేడమ్‌లకు, క్యాంపులకు వచ్చే డాక్టర్లకు ఒక విన్నపం. పిల్లలు మందు పారబోస్తే, తిట్టేముందు ఆ మందు ఒక మూతెడు మీరు నోట్లో పోసుకుని నిమిషంపాటు ఉంచుకుని చూడండి. ఆ తర్వాత వెళ్ళి ఉప్మా తినండి. అప్పుడు పిల్లలకు ఏం చెప్పాలో మీకే తెలుస్తుంది. మా వంటమ్మ ఆరోజు నా పళ్ళెంలో ఉప్మా రుచి చూసింది కానీ నా నోట్లో ఉన్న మందు రుచి ఆమెకు తెలిసే వీలు లేకపోయింది. ఆ సీసాలు ఇచ్చినవాళ్ళకైనా తెలిసి ఉండాల్సింది.

చెల్లెళ్ళూ, మీలో ఎవరైనా రేపు ఫార్మసీ చదివితే, మందు తయారుచేసే టేబుల్ ముందు నిలబడితే, మన తొట్టి దగ్గర వరసగా నిలబడ్డ అమ్మాయిల్ని ఒక్కసారి గుర్తుతెచ్చుకోండి. క్రిములను చంపే మందు చాలామంది తయారుచేశారు. పిల్లలు పారబోయని మందు తయారుచేసే పని ఇంకా చాలా మిగిలే ఉంది. ఆ పని మీలో ఒకరు చేస్తారని ఆశిస్తూ,

మీ అక్క,
పూర్వ విద్యార్థిని, బి.ఫార్మసీ ఫైనలియర్